కొనకపోయినా అంగడికి పోవడంలో తప్పేముంది?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఆషాఢం మొదలైతే చాలు, తిరుపతి గాంధీ రోడ్డులోనూ చిత్తూరు బజారు వీధిలోనూ సాయంత్రం పూట కాలు పెట్టడానికి సందుండదు. ఆ గుంపును చూసి "పనిలేనోళ్లు, డబ్బు ఎక్కువైనోళ్లు" అని తీర్పు చెప్పేవాళ్లకూ కొదవ లేదు. ఆ గుంపులో చాలామంది ఏమీ కొనకుండానే ఇంటిదారి పడతారని మాత్రం వాళ్లు గమనించరు. ఒట్టి చేతులతో పోతున్నవాళ్ల ముఖంలో కూడా తృప్తి కనబడుతుంది. అది ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే ఈ తీర్పులు తగ్గుతాయి, ఇళ్లలో అక్కరలేని సంచులూ తగ్గుతాయి.

అంగళ్లు తిరగడంలోని సుఖమంతా బిల్లు కట్టకముందే అయిపోతుంది. చూడ్డం, తాకడం, పోల్చడం, బేరమాడడం, ఇది నాకు అని ఎంచుకోవడం, అన్నీ దుడ్డు చేతులు మారకముందు జరిగేవే. కొన్న చీర ఇంటికొచ్చి బీరువాలో చేరేసరికి అంగట్లో ఉన్నంత మెరుపు దానికి ఎందుకుండదో మెదడు మీద చేసిన పరీక్షలు కొంత చెప్పాయి. వోల్‌ఫ్రామ్ షుల్ట్స్ అనే శాస్త్రవేత్త 1990ల్లో కోతుల మెదడులో డోపమిన్ అనే రసాయనంతో సందేశాలు పంపే కణాలను పరిశీలించాడు. మొదట్లో పళ్లరసం నోటికి అందినప్పుడు ఆ కణాలు చురుకయ్యేవి. దీపం వెలిగితే రసం వస్తుందని కోతికి అలవాటయ్యాక దీపం వెలగగానే చురుకయ్యేవి, రసం తాగేటప్పుడు మామూలుగానే ఉండేవి. అలవాటైన అంగడి బోర్డు, తలుపు తీయగానే తగిలే ఏసీ చల్లదనం, కొత్త గుడ్డ వాసన మనకు ఆ దీపం లాంటివి. పండగ కంటే పండగ ముందు రోజు బాగుంటుందని మన పెద్దవాళ్లు ఏ పరీక్షా చేయకుండానే అనేవాళ్లు.

2007లో బ్రయన్ నట్సన్ బృందం మనుషులను స్కానర్‌లో పడుకోబెట్టి ముందు వస్తువును, తర్వాత దాని ధరను చూపించింది. నచ్చిన వస్తువు కనబడితే మెదడులో ఒక భాగం, ధర ఎక్కువనిపిస్తే వేరొక భాగం చురుకయ్యాయి. ఈ రెండోది బాధ, అసహ్యం కలిగినప్పుడు కూడా పనిచేసే భాగమే. అందుకే తెలివైన అంగడివాడు వస్తువునూ ధరనూ ఒకేసారి కంట పడనివ్వడు. చీర ధర చీటీ మడత లోపల ఉంటుంది. బిల్లు కౌంటరు వేరే మూల ఉంటుంది. నోట్లు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు కలిగే బాధ ఫోన్‌తో స్కాన్ చేస్తే అంతగా కలగదు. తిరగడానికే బయల్దేరినరోజు ఇంత అనుకుని నోట్లు తీసుకుని, ఫోన్ చెల్లింపు వాడకుండా ఉండడం చాలామందికి పనికొచ్చే ఉపాయం.

చీరల అంగట్లో ఏం జరుగుతుందో కొంచెం విడమరిచి చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతంలో ఈ కాలక్షేపానికి అదే నడిబొడ్డు. తెల్ల పరుపు మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "ఎంతలో చూపించమంటారమ్మా" అని అడుగుతారు. మీరు మూడు వేలంటే మొదట నాలుగున్నర వేలది పరుస్తారు. ఆ తర్వాత మూడున్నర చౌకగా కనబడుతుంది. నచ్చిందని మీ కన్ను చెప్పగానే చీర భుజం మీదికొస్తుంది, అద్దం ఎదురుగా నిలబెడతారు. మర్యాదకు చేసే పనే, కానీ వ్యాపారమూ ఉంది అందులో. వస్తువును ఊరికే చేత్తో తాకినా అది మనదేనన్న భావం పెరుగుతుందని జోవాన్ పెక్, సుజాన్ షూ 2009లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. భుజాన వేసుకున్న చీరను తీసి ఇచ్చేయాలంటే మన సొత్తేదో పోగొట్టుకున్నట్టు ఉండేది అందుకే.

చేయి తిరిగిన సేల్స్‌మన్ మీరు వద్దన్న చీరలను అప్పటికప్పుడు మడిచి పక్కకు తోసి, పరుపు మీద మూడో నాలుగో మిగులుస్తాడు. కొత్తగా చేరినవాడు ముప్పై చీరలు గుట్ట పోసి, "మళ్లీ వస్తాం" అనిపించుకుని తల పట్టుకుంటాడు. 2000లో అయ్యంగార్, లెప్పర్ అనే పరిశోధకులు ఒక దుకాణంలో జామ్ రుచి చూపించే బల్ల పెట్టారు. 24 రకాలు పెట్టినప్పుడు అటుగా వచ్చినవాళ్లలో 60 శాతం ఆగారు, 6 రకాలు పెట్టినప్పుడు 40 శాతమే. ఆగినవాళ్లలో కొన్నది మాత్రం 24 రకాల దగ్గర 3 శాతం, 6 రకాల దగ్గర 30 శాతం. తర్వాత ఇతరులు చేసిన పరీక్షల్లో అన్నిటా ఇదే ఫలితం రాలేదు, కాబట్టి దీన్ని శాసనంగా పట్టుకోనక్కర్లేదు. అయినా చూడ్డానికి రాశి బాగుంటుందనీ, కొనడానికి కొద్దే నయమనీ చీరల అంగడి పరుపు రోజూ చెబుతూనే ఉంది. చూసి ఆనందించడానికే పోయేవాళ్లకు రాశి ఉన్న అంగడి, కొనితీరాల్సినవాళ్లకు చిన్న అంగడి మేలు.

దీపం కింద చూసిన రంగు ఎండలో రంగు కాదు. ట్యూబు వెలుగులో ఒకేలా కనబడిన చీర, జాకెట్టు గుడ్డ వాకిట్లోకి తెస్తే రెండు రంగులుగా విడిపోతాయి. రెండిటి రంగుల అద్దకం వేరు కాబట్టి వెలుగు మారగానే గుట్టు బయటపడుతుంది. నగల అంగట్లో బంగారం మీద పసుపు వెలుగు, రవ్వల మీద తెల్ల వెలుగు వేసేది కూడా తెలిసే. ఏ వస్తువునైనా గుమ్మం దాకా తీసుకొచ్చి చూడాలి. వద్దనే అంగట్లో కొనాల్సిన పని లేదు.

ఇక ఆషాఢం తగ్గింపుల సంగతి. ఈ నెలలో పెళ్లి ముహూర్తాలుండవు, శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికీ పెళ్లిళ్లకూ కొత్త సరుకు దించాలి. అరల్లో ఇరుక్కున్న పాత సరుకు డబ్బుగా మారితేనే కొత్తది వస్తుంది, కాబట్టి తగ్గింపులో నిజం ఉంది. లెక్కలో మాత్రం తిరకాసు ఉంటుంది. "50 శాతం, ఆపైన మరో 20 శాతం" అంటే 70 కాదు. వెయ్యి రూపాయల చీర సగానికి 500, అందులో 20 శాతం తీస్తే 400. అంటే తగ్గింది 60 శాతం. "రెండు కొంటే ఒకటి ఉచితం" అంటే 33 శాతం, అదీ మీకు మూడు కావాల్సి ఉంటేనే. తగ్గింపు చీరను మడత మీద చూసి కొనకూడదు. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ గీత వెంబడి చిట్లుతుంది, జరీ నల్లబడుతుంది. పూర్తిగా విప్పించి, మడత గీతలను వెలుగుకు అడ్డంగా పట్టి చూడాలి. కొంగు చివర చీరలోదే ఒక పోగు అడిగి కాల్చి చూస్తే, పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద వేళ్ల మధ్య పొడి పొడి అవుతుంది. పాలియెస్టర్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. రెడీమేడ్ దుస్తుల మీద ఇంకో లెక్క కూడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల దాకా జీఎస్టీ 5 శాతం, ఆ పైన 18 శాతం. పన్ను విడిగా వేసే చోట 2,500 డ్రస్సుకు 2,625 కడతారు, 2,600 డ్రస్సుకు 3,068. నూరు రూపాయలు పైకెక్కినందుకు 443 వదులుతుంది.

బేరం గురించి రాయకపోతే ఈ ఉత్తరం సగమే. రిచర్డ్ థేలర్ అనే ఆర్థికవేత్త (2017లో నోబెల్ ఇచ్చారు) కొనుగోలులో రెండు సుఖాలున్నాయన్నాడు. ఒకటి వస్తువు వల్ల, రెండోది అనుకున్న ధర కంటే తక్కువకు కొట్టుకొచ్చామన్న గెలుపు వల్ల. రెండో సుఖం కోసమే అక్కరలేని మూడో దుప్పటి కూడా ఇంటికొస్తుంది. బేరమాడాలంటే, కావలసిన వస్తువును ముందు చేతిలోకి తీసుకోకూడదు. పక్కనున్న రెండిటి ధర అడిగి, దీని ధర ఊరికే అడిగినట్టు అడగాలి. పొద్దున బోణీ వేళ అంగడివాడు మొదటి మనిషిని ఒట్టి చేతులతో పంపడానికి ఇష్టపడడు, అది మీకు కలిసొస్తుంది. కానీ కొనే ఉద్దేశం లేనివాళ్లు ఆ వేళకు పోయి వాళ్ల బోణీ చెడగొట్టకూడదు. మీరు అడిగిన ధరకు అతను సరేనంటే వెనక్కి పోకూడదు. అది బజారు మర్యాద, ఎక్కడా రాసి ఉండదు. రోడ్డు పక్కన గంపలో పూలో ఆకుకూరలో పెట్టుకున్న ముసలమ్మ దగ్గర ఐదు రూపాయలకు గీచి గీచి బేరమాడి, పెద్ద అంగట్లో చీటీ మీద ఉన్నది నోరెత్తకుండా కట్టి రావడాన్ని బేరం అనలేం.

గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల గాజుల అంగళ్ల దగ్గర కొండ దిగొచ్చిన యాత్రికులు గంటల తరబడి నిలబడతారు. రైలుకు ఇంకా వేళ ఉంటుంది, మనసు తేలికగా ఉంటుంది, ఊళ్లో "తిరుపతి నుంచి మాకేం తెచ్చినారు" అని అడిగేవాళ్లుంటారు. మనిషి అంగళ్లు ఎందుకు తిరుగుతాడో 1972లో ఎడ్వర్డ్ టాబర్ జాబితా రాశాడు. ఇంటి నుంచి మార్పు, కొత్త పోకడలు తెలుసుకోవడం, నాలుగడుగులు నడవడం, కంటికీ చేతికీ చవి, నలుగురితో కలవడం, బేరం. 2003లో ఆర్నాల్డ్, రేనాల్డ్స్ ఇంకొకటి ముందుకు తెచ్చారు, ఇతరుల కోసం కొనడంలోని ఆనందం. తిరుపతి బజారు సగం దాని మీదే నడుస్తుంది. వరసకు వదినైనామెకు ఎర్రగాజులు, పక్కింటి పాపకు కొయ్యబొమ్మ, వాకిట్లో వేలాడదీయడానికి స్వామి పటం. ఈ కొనుగోళ్లలో తప్పు జరిగేది కొలత దగ్గర. గాజు మీద 2.4 అని ఉంటే రెండు పాయింట్ నాలుగు అంగుళాలు కాదు, రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, అంటే రెండుంబావు అంగుళాలు, దాదాపు 57 మిల్లీమీటర్లు. 2.6 అంటే 60, 2.8 అంటే సుమారు 63. ఊరికి బయల్దేరే ముందే, వాళ్లకు సరిపోయే పాత గాజు లోపలి అడ్డుకొలత స్కేలుతో తీసి ఫోన్‌లో రాసుకుంటే డజను గాజులు దండగ కావు.

కలంకారీ పేరుతో అమ్మేదంతా శ్రీకాళహస్తి కలంకారీ కాదు. కాళహస్తి పని వెదురు కలంతో చేత్తో వేసేది. ముందు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు గుడ్డ మీద చెదరకుండా నిలుస్తుంది. ఇనుప ముక్కలు, బెల్లం రోజుల తరబడి ఊరబెట్టిన నల్లని కసీంతో గీతలు గీస్తారు, ఎరుపు రావాల్సిన చోట పటిక పూస్తారు. చేత్తో గీసిన గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. ఒకే బొమ్మ రెండుసార్లు వస్తే రెండూ అచ్చు గుద్దినట్టుండవు. మూలమూలనా ఒకే నెమలి, ఒకే చుక్కతో సహా కనబడితే అది స్క్రీన్ ప్రింటు. ప్రింటు కొనడం తప్పేం కాదు, ప్రింటు ధరకు కొంటే సరి. కొత్త గుడ్డకు పాలవాసన కొంచెం ఉంటే కంగారు పడొద్దు, ఉతికితే పోతుంది.

బంగారం అంగట్లో చూసి రావడం మాత్రం చాలా జాగ్రత్తగా చేయాల్సిన కాలక్షేపం. 10 గ్రాముల గొలుసుకు 12 శాతం తరుగు అంటే 11.2 గ్రాముల డబ్బు కడుతున్నారు, దాని మీద జీఎస్టీ. రాళ్ల బరువు బంగారం బరువులో కలిపారేమో అడగాలి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, 22కే916 వంటి స్వచ్ఛత గుర్తు, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ (ఆ నగకు మాత్రమే ఇచ్చే గుర్తింపు సంఖ్య), మూడూ ఉండాలి. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వివరాలొస్తాయి.

మన ఇళ్లలో చాలామంది ఆడవాళ్లకు "అంగడికి పోయొస్తా" అన్నది ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేని ఒకే ఒక్క మాట. పార్కులో కూర్చుని వస్తానంటే ఎందుకని అడుగుతారు, అర కిలో చింతపండు కోసం అంటే అడగరు. ఆ చింతపండు తెచ్చే గంటన్నరలో స్నేహితురాలు కలుస్తుంది, నాలుగు జాకెట్టు గుడ్డలు చేతికి తగులుతాయి, మనసులో రెండు ఎంపికవుతాయి. 2014లో రిక్, పెరైరా, బర్సన్ ప్రచురించిన పరిశోధనలో, ఊరికే వస్తువులు తిరగేసినవాళ్ల కంటే వాటిలో నచ్చినవి ఎంచుకున్నవాళ్లకు దిగులు ఎక్కువగా తగ్గింది. ఏదో ఒకటి మన అదుపులో ఉందన్న భావం దానికి కారణమన్నారు. డబ్బు ఖర్చు పెట్టడం కంటే ఎంచుకోవడమే ఇక్కడ మందు. మగవాళ్లకీ ఇదే వర్తిస్తుంది, వాళ్లు దాన్ని షాపింగ్ అనరు, అంతే. మోటారు సామాన్ల అంగట్లో స్పానర్లు తిప్పి చూస్తూ గంట గడిపితే అది పని.

ఫోన్‌లో కొనేవాళ్లు ఈ ఎంచుకోవడం దగ్గరే ఆగొచ్చు. రాత్రి పదకొండుకు పడుకుని బుట్టలో వేసుకోవడం వరకూ చేసి, యాప్ మూసేసి, పొద్దున కాఫీ తాగాక మళ్లీ చూస్తే చాలావరకు వాటంతటవే తొలగిపోతాయి. "ఇంకా రెండే మిగిలాయి" అని లేని తొందర పెట్టడం, అడగని బీమానో విరాళాన్నో బుట్టలో చేర్చడం వంటి 13 రకాల మాయలను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు మార్గదర్శకాల్లో నిషేధించింది. అలాంటివి కనబడితే స్క్రీన్‌షాట్ తీసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు.

కొన్నవి ఇంట్లోవాళ్లకు చూపకుండా దాచడం, కవర్లు విప్పకుండానే మళ్లీ కొనడం, ఒక కార్డు బాకీ తీర్చడానికి ఇంకో కార్డు గీకడం మొదలైతే అది కాలక్షేపం దాటిపోయింది. దానికి తిట్లు పనిచేయవు, వైద్యుడు కావాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ (14416)లో తెలుగులోనే మాట్లాడొచ్చు.

అంగళ్ల యజమానులకు రెండు మాటలు. చూసి పోయేవాళ్లను ఈగల్లా తోలకండి, ఇవాళ చూసి పోయినామె శ్రావణంలో అక్కాచెల్లెళ్లతో వస్తుంది. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు మీద అచ్చేసుకున్నా చెల్లదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. లోపం లేకున్నా మనసు మారిందని తెచ్చిస్తే తీసుకోవాలని మాత్రం చట్టం అనలేదు, ఈ తేడా కొనేవాళ్లు గుర్తుంచుకోవాలి.

చూడ్డానికే పోయేవాళ్లు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య కాకుండా, మామూలు రోజుల్లో పొద్దున పదకొండు దాటాక పోతే అందరికీ సుఖం. కూర్చోగానే "ఇవాళ చూడ్డానికే వచ్చినామన్నా" అని చెప్పేస్తే ఆయన అరలోనుంచే అంచు, కొంగు చూపిస్తాడు, ఐదున్నర మీటర్లు విప్పి మళ్లీ మడిచే చాకిరి ఆ కుర్రాడికి తప్పుతుంది. అద్దాన్ని లోపలి మూల నుంచి పగటి వెలుగు పడే గుమ్మం దగ్గరికి మార్చడానికి యజమానులకు ఖర్చేమీ కాదు. వీధి పొడవునా నడిచే దారి మీద బండ్లు నిలపకుండా చూసి, పెద్దవాళ్లు కాసేపు కూర్చోవడానికి నీడపట్టున నాలుగు బల్లలు, తాగడానికి నీళ్లు, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి ఏర్పాటు చేయడం పట్టణ పాలకుల వంతు. శ్రావణం రద్దీకి ముందే ఆ పని మొదలుపెడితే బాగుంటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తిరుపతి